మట్టిని నిలిపే వట్టివేరు

వేసవిలో ఢిల్లీ ఇళ్ల కిటికీలకు ఖస్ తడికలు కట్టి నీళ్లు చల్లడం పాత అలవాటు. ఆ ఖస్ మన వట్టివేరే. దాని పరిమళం మీకు తెలిసిందే. అదే మొక్క చేలో మట్టి కొట్టుకుపోకుండా కూడా కాపాడుతుంది.

వాలు చేలో వాన కురిసినప్పుడు గమనించండి. చినుకుల తాకిడికి మట్టి రేణువులు విడిపోతాయి. పారే నీరు వాటిని మోసుకుపోతుంది. ముందుగా పోయేది పైమట్టి. మనం వేసిన ఎరువు, ఆకుల కుళ్ళు, సారం ఉండేది అందులోనే. అంగుళం పైమట్టి ఏర్పడటానికి వందల ఏళ్లు పడుతుంది. అంటే పోయినదాన్ని ఆ రైతు తన జీవితకాలంలో తిరిగి పొందలేడు.

దీనికి మనం సాధారణంగా మట్టికట్టలు వేస్తాం. కట్ట నీటిని అడ్డగించి ఒకచోటికి చేరుస్తుంది. పెద్ద వానకు బలహీనమైన చోట గండి పడితే నీరంతా అక్కడినుంచే దూకి చేనును కోసేస్తుంది. పైగా కట్టకు కావలసిన మట్టిని కూడా చేలోంచే తవ్వాలి!

గడ్డివరుస నీటిని ఆపదు, నెమ్మదింపజేస్తుంది. దుబ్బుల మధ్యనుంచి నీరు వడకట్టినట్లు దిగువకు పోతుంది. ఒండ్రు వరుసకు ఎగువన నిలుస్తుంది. కొన్నేళ్లకు అక్కడ దానంతటదే మెట్టు ఏర్పడుతుంది.

1950లలో ఫిజీ దీవుల చెరకు తోటల్లో ఈ పద్ధతిని వాడిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, 1980లలో ఢిల్లీలోని ప్రపంచ బ్యాంకు కార్యాలయంలో రిచర్డ్ గ్రిమ్‌షాతో కలిసి దీన్ని ప్రచారం చేశారు. అయితే ఇది విదేశాల నుంచి వచ్చిన విద్య అనుకోకండి. కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు అప్పటికే ఎంతోకాలంగా పొలం సరిహద్దుల్లో వట్టివేరు పెంచుతున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో దీన్ని నిమ్మగడ్డితో, రాతికట్టలతో పోల్చి చూసినప్పుడు వట్టివేరే మెరుగని తేలింది.

వరుసను వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో వేయాలి. తొలకరి వానలు పడగానే దుబ్బును చీల్చి, పిలకలను 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో నాటండి. వేళ్లు నిలువుగా 3 మీటర్ల వరకు దిగుతాయి. అందువల్ల పక్కనున్న పైరుతో పోటీ తక్కువ. దక్షిణాది రకాలకు మొలకెత్తే గింజ దాదాపు ఉండదు కనుక కలుపుగా వ్యాపించవు. లేత ఆకు పశువులకు మేత, ముదిరినది ఇంటి కప్పుకు పనికొస్తుంది. సువాసన కోసం మాత్రం ఈ వరుసలోని వేళ్లు తవ్వకూడదు. వాటికి వేరే మడి పెంచుకోవాలి.

వరుస పూర్తిగా కలుసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా చచ్చిన పిలకల స్థానంలో కొత్తవి నాటుతూ ఉండాలి. ఒక్క ఖాళీ మిగిలినా నీరు ఆ సందులోంచే దారి చేసుకుంటుంది.