కొండెక్కాలంటే మాత్రొక్కటే చాలదప్పా!

పోయిన ఎండాకాలం ధర్మవరం జతగాడొకడు లడఖ్ పోతాండానని చెప్పనీకి మా హిందూపురం వచ్చినాడు. జేబులో డయమాక్స్ మాత్రలు. "డాక్టర్‌తో పనేముందప్పా, మందులషాపులో అడిగితే ఇచ్చినారు. ఇవి మింగితే లేహ్‌లో విమానం దిగిన రోజే ఖార్దుంగ్ లా ఎక్కొచ్చంట. పెనుకొండ కోట ఎన్నితూర్లు ఎక్కలేదు మనం!" అన్యాడు.

నాకు భయమైంది. చిన్నప్పుడు సల్ఫా మాత్రకు వాని ఒళ్లంతా దద్దుర్లు లేచింది నాకు గుర్తుండాది. డయమాక్స్ గూడా సల్ఫా జాతి మందే. సల్ఫా పడనోళ్లందరికీ ఇదీ పడదని కాదు, అయితే డాక్టర్‌కు చెప్పకుండా ముట్టుకోగూడదు. కిడ్నీ, లివర్ జబ్బులుండేటోళ్లూ అంతే.

మన హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంటే, లేహ్ ఊరు 3,500 మీటర్లు. ఖార్దుంగ్ లా 5,300 దాటుతాది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ తగ్గుతాది. దానికి ఒళ్లు అలవాటు పడనీకి దినాలు కావాల. డయమాక్స్ చేసేదల్లా ఆ అలవాటును తొందర చేయడమే. ఒంట్లోని బైకార్బొనేట్‌ను కిడ్నీల ద్వారా బయటికి పంపి, ఊపిరి జోరు పెంచుతాది. అందుకే మాటిమాటికీ ఒంటేలుకు పోవాల్సొస్తాది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా తాగినా చప్పగుంటాది.

వీటికన్నా పెద్ద ముప్పు, మాత్ర ఏసుకున్యాం కదా అనే ధైర్యం. మందేసుకున్యా కొండజబ్బు రావొచ్చు. డెక్సామెథాసోన్ ఇంకా మోసం. అది తలనొప్పిని, వాంతుల్ని అణిచిపెడతాది గానీ, ఒంటికి ఎత్తును అలవాటు చేయదు. పైన ఉండంగా ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు. షుగరు గూడా పెరుగుతాది.

నడక తూలినా, మాట తడబడినా మెదడు వాస్తాందని అర్థం. ఊరకే కూచున్నా ఆయాసమొస్తాంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతాందేమో చూడాల. అప్పుడు ఇంకో మాత్ర ఏసుకొని పైకి పోయేది కాదు, రాత్రనక వెంటనే కిందికి దిగాల.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణకు అప్పటికి 13 ఏండ్లే. ఆ పాప భువనగిరి కొండతో మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకున్యాకే అంత దూరం పోయింది. 3,000 మీటర్లు దాటినాక ఒకరోజుకు, ఇంకోరోజుకు పండుకునే చోటు 500 మీటర్లకు మించి పెరగగూడదు. మూడు నాలుగు దినాలకోతూరి ఆగాల.

మావాడు ఆఖరికి డాక్టర్‌ను కలిసినాడు. ఆయన ఆ మాత్రలు వద్దన్యాడు. లేహ్‌లో రెండు దినాలు ఊరకే పండుకొని, మూడోనాడు బండి తీసినాడు. క్షేమంగా తిరిగొచ్చినాడు.