గుడి గుమ్మంలో కోట

కోట కట్టేది వచ్చేవాణ్ణి ఆపడానికి. గుడి కట్టేది వచ్చేవాణ్ణి లోపలికి పిలవడానికి. ఒకే గోడ ఈ రెండు పనులూ చేయగలదా? చేయగలదు, చేసింది కూడా. ఆ గోడను చూడాలంటే ఇంగ్లండులోని లింకన్ అనే ఊరికి వెళ్ళాలి. అమెరికా అధ్యక్షుడి పేరు గుర్తుకు వస్తుందేమో. ఇది మాత్రం రోమనుల కాలం నుంచీ ఉన్న ఒక పాత పట్నం.

ఆ ఊళ్ళో కొండమీద ఒక కెథీడ్రల్ ఉంది. కెథీడ్రల్ అంటే బిషప్పుగారి పీఠం ఉండే పెద్ద చర్చి. మొనదేలిన కమానులు, సన్నని స్తంభాల గుత్తులు, రంగు అద్దాల కిటికీలు గల గాథిక్ శిల్పానికి పెట్టింది పేరది. చూడవచ్చిన వాళ్ళలో చాలామంది వీటినే చూసి, ఆహా అనుకుని వెళ్ళిపోతారు. కాని పడమటి వాకిలి దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. తెరలాగా అంత వెడల్పున పరుచుకున్న ఆ గోడ మధ్యభాగం తక్కిన గోడలా ఉండదు. అక్కడి రాతిపని మొరటు, గోడ దళసరి. లోతైన పెద్ద గూళ్ళు నిలువునా తొలిచినట్లుంటాయి. వాటి కమానులకు మొన లేదు, గుండ్రంగా ఉంటాయి. నడిమి కమాను ఒక్కటి మాత్రం మొనదేలి ఉంది, దాన్ని 13వ శతాబ్దిలో పైకి పెంచారు గనుక. గుండ్రని కమాను కనబడితే నార్మన్ల పని అనీ, మొన ఉంటే తరువాతి వారి పని అనీ గుర్తుపెట్టుకుంటే చాలు, ఆ గోడను పుస్తకంలాగా చదువుకోవచ్చు.

1066లో నార్మండీ ప్రభువు విలియం సముద్రం దాటి వచ్చి ఇంగ్లండును జయించాడు. ఆ దండయాత్రకు ఒక ఓడనూ 20 మంది యోధులనూ సమకూర్చిన సన్యాసి ఒకడున్నాడు. అతని పేరు రెమీజియస్. మరుసటి సంవత్సరమే అతడు బిషప్పు అయ్యాడు. ఆ పదవిని ఓడకు బదులుగా కొనుక్కున్నాడనే అభియోగం పోపుగారి దాకా వెళ్ళింది. పదవి ఊడి, మళ్ళీ దక్కింది కూడా. థేమ్స్ నది నుంచి హంబర్ దాకా వ్యాపించిన విశాలమైన ఆ మండలానికి లింకన్‌ను కేంద్రంగా చేసుకుని, 1072 ప్రాంతంలో అతడు చర్చి నిర్మాణానికి పూనుకున్నాడు.

అప్పటికే, 1068లో, ఆ కొండమీద విలియం ఒక కోట కట్టించి ఉన్నాడు. ఆ కోట కోసం 166 ఇళ్ళు పోయాయని 1086లో తయారైన డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో రాసి ఉంది. రెమీజియస్ చర్చి ఆ కోటకు ఎదురుగానే, అదే పాత రోమను ప్రహరీ లోపల లేచింది. ఇళ్ళు పోయినవాళ్ళు, వాళ్ళ బంధువులు, వాళ్ళ పిల్లలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళు ప్రార్థనకు రావలసిన వాకిలి ఇదే.

ఇక అసలు సంగతికి వస్తాను. నాటింగ్‌హాంలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడింటికి వెళ్ళినప్పుడు వాళ్ళతో కలిసి నేనూ లింకన్ చూశాను. ఆ గుండ్రని కమాను కింద నిలబడి తల పైకెత్తితే, కమాను లోపలివైపు రాతిలో సన్నగా, పొడుగ్గా ఒక సందు కనిపించింది. మా తమ్ముడి కొడుకు, పదేళ్ళవాడు, దాన్ని చూసి, “పెద్దనాన్నా, వర్షం నీళ్ళు పోవడానికా అది?” అని అడిగాడు. నీళ్ళు పోవడానికి కాదు. అటువంటి సందులు కోట గుమ్మాలకు పెడతారు. శత్రువులు తలుపు పగలగొట్టబోతే, పైనున్నవాళ్ళు ఆ సందులోంచి వాళ్ళ నెత్తిన రాళ్ళు కుమ్మరించడానికి. ఆ మాట చెప్పగానే వాడు చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. మా మరదలు నవ్వింది కాని, ఆవిడా అక్కడ నిలబడలేదు.

ఈ పడమటి భాగాన్ని కోటగా పనికివచ్చేటట్లే కట్టారని రిచర్డ్ జెమ్ అనే పండితుడు 1986లో వివరంగా రాశాడు. డేవిడ్ స్టాకర్, అలన్ విన్స్ అనే ఇద్దరు 1997లో ఇంకో అడుగు ముందుకు వేశారు. మొదట అది విడిగా నిలిచిన బలమైన బురుజు అనీ, చర్చిని తరువాత దానికి కలిపారనీ వాళ్ళ వాదం. దీన్నిగురించి పండితుల మధ్య వాదోపవాదాలు సాగినా, ఆ చర్చి దృఢత్వం సంగతి పాతవాళ్ళకు తెలియనిది కాదు. 12వ శతాబ్దిలో ఆ మండలంలోనే ఉద్యోగం చేసిన చరిత్రకారుడు హంటింగ్డన్ హెన్రీ, రెమీజియస్ కట్టించినది అందమైనదే కాక, శత్రువులకు లొంగనంత గట్టిది కూడా అని మెచ్చుకున్నాడు. రెమీజియస్ మాత్రం దాని ప్రతిష్ఠ కళ్ళారా చూడలేదు. 1092లో, ఆ ఉత్సవానికి కొద్ది రోజుల ముందే కన్నుమూశాడు.

చేతిలో కోట ఉంటే, దాన్ని వాడుకునేవాడు ఎప్పుడో ఒకప్పుడు రాకమానడు. 1141లో స్టీఫెన్ రాజు, తన శత్రువులు పట్టుకున్న లింకన్ కోటను ముట్టడించాడు. ఎదురుగా ఉన్న చర్చినే తన కోటగా చేసుకున్నాడు. దేవమాత మందిరాన్ని ఇలా చేశాడే అని ఆనాటి జనం ఏవగించుకున్నట్లు మామ్స్‌బరీ విలియం అనే సన్యాసి రాశాడు. ఫిబ్రవరి 2న, యుద్ధానికి ముందు, ప్రార్థనలో రాజు చేతిలోని కొవ్వొత్తి విరిగిపోయిందట. అపశకునమని అందరూ గొణుక్కున్నారట. కొవ్వొత్తి మాట ఎలా ఉన్నా, ఆ రోజే రాజు ఓడి శత్రువుకు చిక్కాడు. ఊరు దోపిడీ పాలయింది.

తరువాతి కథ విచిత్రం. అదే కాలంలో బిషప్పుగా ఉన్న అలెగ్జాండర్, ఈ మొరటు గోడకు చక్కని ద్వారాలు పెట్టించి, బైబిలు కథలను శిల్పాలుగా చెక్కించాడు. నోవా ఓడ కడుతున్నాడు, సింహాల గుహలో దానియేలు కూర్చున్నాడు. రాళ్ళు కుమ్మరించడానికి సందులున్న గోడ, పిల్లలకు కథలు చూపించే గోడ అయింది.

1185లో భూకంపం వచ్చి చర్చి బద్దలయింది. పడమటి భాగం మాత్రం నిలిచింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన హ్యూ అనే బిషప్పు 1192లో పునర్నిర్మాణం మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా తట్టతో రాళ్ళు మోశాడని చెప్పుకుంటారు. కొత్త చర్చి తూర్పు నుంచి పడమటికి పెరుగుతూ వచ్చి, చివరకు ఈ పాత బురుజును చేరుకుంది. దాన్ని పడగొట్టి ఏకాండీగా కట్టి ఉండవచ్చు. అలా చేయలేదు. చుట్టూ కొత్త రాతి తెర అల్లి, పాతదాన్ని మధ్యలో ఉంచారు. అందుకే కొత్త మండపమూ పాత ముఖమూ ఒక వరుసలో సరిగ్గా కుదరవు. కాస్త పక్కకు జరిగినట్లుంటాయి. 14వ శతాబ్ది చివర వాకిలి మీద రాజుల విగ్రహాల వరుస వచ్చింది. 15వ శతాబ్దిలో పాత మొదళ్ళ మీదే జంట గోపురాలు ఎత్తు పెరిగాయి.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక నాకు మన టీకాగ్రంథాలు గుర్తుకు వచ్చాయి. నడుమ మూలశ్లోకం, చుట్టూ వ్యాఖ్యానం. ఇష్టంలేని మాట మూలంలో ఉన్నా మంచి వ్యాఖ్యాత దాన్ని కొట్టేయడు. కింద తన మాట రాస్తాడు. లింకన్ శిల్పులు చేసినదీ అదే. నార్మన్ల భయాన్ని వాళ్ళు చెరిపివేయలేదు. దాని చుట్టూ తమ మాట చెక్కారు. చెరిపి ఉంటే, గెలిచినవాడు కూడా ఓడినవాళ్ళకు ఇంతగా జడిసి గుడి కట్టుకున్నాడన్న సంగతి మనకు రాతిలో కనిపించేది కాదు. ఆ 166 ఇళ్ళ వాళ్ళ పేర్లు మనకు తెలియవు. వాళ్ళను చూసి జడిసినవాడి గోడ మాత్రం సాక్ష్యంగా నిలిచింది.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఇంగ్లండులో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళను చూడడానికి మీరు వెళ్ళి, లింకన్ దాకా పోవడం తటస్థిస్తే, రంగు అద్దాలు తీరికగా చూడవచ్చు. ముందు మాత్రం వాకిట్లో ఆగి, పక్క కమాను కింద నిలబడి తల పైకెత్తండి. ఆ సందు అక్కడే ఉంది. దాని కిందుగానే జనం ఇప్పటికీ ప్రార్థనకు వెళ్తున్నారు.