కణాలు పంపే కబుర్లు

పిల్లలూ! మోకాలు గీరుకుపోతే కొద్దిరోజులకు కొత్తచర్మం వస్తుంది కదా? అందుకు కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటవి. ఆ కబుర్లలో కొన్నింటిని మోసే అతిచిన్న సంచులే ఎక్సోసోములు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు ఉంటుంది.

1983లో గొర్రె రక్తకణాలలో వీటిని కనుగొన్న శాస్త్రజ్ఞులు, కణం చెత్త పారవేస్తున్నదనుకున్నారు. కాని, ఈ సంచులలో వచ్చిన ఆదేశాలను మరొక కణం పాటిస్తుందని 2007లో తేలింది.

మెలనోమా అనే చర్మపు కాన్సరు కూడా ఈ సంచులను రక్తంలోకి వదులుతుంది. వాటినిబట్టి జబ్బును గుర్తించడానికీ, ఆరోగ్యంగా ఉన్న కణాల సంచులతో మొండిపుండ్లు మాన్పడానికీ పరిశోధనలు జరుగుతున్నవి.

అప్పుడే కొందరు ముఖకాంతికని వీటిని అమ్ముతున్నారు! తాము ఆమోదించిన ఎక్సోసోము మందు ఒక్కటీ లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2019లో హెచ్చరించింది. ప్రకటన చూడగానే డబ్బు తీయకండి, "రుజువేది?" అని అడగండి.