కంప్యూటరులో దాచిన కాగితం



వెనకటికి మన ఇళ్లలో కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో ఉండేవి. అడుగున పొలం పట్టా, దానిమీద శిస్తు రసీదులు, పైన పిల్లల మార్కుల పట్టీలు. ఇప్పుడా పని కంప్యూటరుకు అప్పజెప్పాం. అందులో పెట్టింది ఎక్కడికీ పోదు. కానీ అడిగినప్పుడు దొరకదు.

ఒకసారి పంట అప్పు కోసం మా తమ్ముడు మోక నుంచి పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, పొలం పహణి పంపించు, మధ్యాహ్నం లోపల ఇయ్యాలంట" అన్నాడు. స్కాన్ చేసి పెట్టింది నేనే. తెలుగులో 'పహణి' అని టైపు చేసి వెతికాను. లేదు. రెండు గంటలు వెతికినా లేదు.

కారణం తర్వాత తెలిసింది. ఫైలుకు పేరు కన్నడ లిపిలో పెట్టి ఉన్నాను! మన కంటికి తెలుగు 'ప', కన్నడ 'ప' అక్కచెల్లెళ్లు. కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. యూనికోడ్ అనే పద్ధతిలో తెలుగు 'ప' సంఖ్య 3114, కన్నడ 'ప' సంఖ్య 3242. ఒకటి అడిగితే రెండోది ఇవ్వదు. పోనీ ఇంగ్లీషు అక్షరాల్లో పెడదామంటే, 'ప' పక్కన 'ఎ' ఒకటా రెండా అని ఇంట్లో తలా ఒక మాట.

పాత నుడి, అను ఫాంట్లలో టైపు చేసిన ఉత్తరాల సంగతి ఇంకా చిక్కు. తెర మీద కన్నడమో తెలుగో కనిపిస్తుంది, లోపల నిలవ ఉండేవి వేరే గుర్తులు. వాటిలోని మాటతో వెతికితే తగలదు. కాబట్టి ఫైలు పేరే సరిగ్గా ఉండాలి.

స్కానరు తనంతట తాను పెట్టే 'స్కాన్ 4' వంటి పేరును అలాగే వదలకండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన తేదీ, చివర విషయం రాయండి: 2024-06-03-పొలం-పహణి. ఇలా రాస్తే ఫైళ్లు కాలక్రమంలో వాటంతటవే వరుసగా నిలుస్తాయి. అంకెల మధ్య ఏటవాలు గీత పెడితే విండోస్ ఒప్పుకోదు, అడ్డగీతే పెట్టాలి. పొలం, చదువు, బ్యాంకు, ఆసుపత్రి అని నాలుగు ఫోల్డర్లు చాలు. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరొకటి చేసుకుంటూ పోతే మళ్లీ ట్రంకుపెట్టె అడుగు వెతికినట్టే.

పేరు మరిచిపోతే? విండోస్ గుర్తున్న మీటతో పాటు ఇంగ్లీషు 'ఇ' నొక్కండి. ఫైళ్ల కిటికీ తెరుచుకుంటుంది. డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లి, మార్పు తేదీ అన్న శీర్షిక మీద నొక్కితే కొత్తవి, పాతవి వరుసన వస్తాయి. ఏ నెలలో పెట్టారో గుర్తుంటే చాలు. నాకు పహణి దొరికింది అలాగే.

మధ్యాహ్నానికి కాగితం తమ్ముడికి అందింది. సాయంత్రం దాని పేరు మార్చాను. ఇక్కడి పహణిని సరిహద్దు దాటితే అడంగల్ అంటారు కదా, అందుకని రెండు మాటలూ పెట్టాను, తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి. పెన్‌డ్రైవులో ఒక నకలు కూడా వేశాను. "పేరా, గూడ్సు బండా?" అంది మా ఆవిడ.