చిన్న పెట్టెలో అంత వేడి ఎలా?

బ్రిటన్‌లో హీట్ పంపుతో ఇల్లు వెచ్చబరుచుకునే చాలామందికి వేడినీళ్ల ట్యాంకు పెట్టే చోటు దొరకదు. చిన్న ట్యాంకులోనే నీళ్లు ఇంకా ఎక్కువ కాచి దాచవచ్చుగా? దాచవచ్చు, కానీ ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ పంపు కరెంటు ఎక్కువ లాగుతుంది. చోటు లేనిచోట వేడిని దాచే లవణమే మంచి దారి. సోడియం ఎసిటేట్ ట్రైహైడ్రేట్ 58 డిగ్రీల దగ్గర కరుగుతూ, మంచుగడ్డలాగే, వేడిని తనలోకి లాక్కుంటుంది: కిలోకు సుమారు 250 కిలోజౌల్స్. గడ్డకట్టేటప్పుడు అదంతా తిరిగి ఇచ్చేస్తుంది. కిలో నీరు 60 నుంచి 40 డిగ్రీలకు చల్లారితే వచ్చేది 84 మాత్రమే!

కరిగిన లవణం చల్లబడినా ఒక్కోసారి గడ్డకట్టకుండా మొరాయిస్తుందన్న అభ్యంతరం నిజమే. అందుకే గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే పదార్థం కొద్దిగా కలుపుతారు. ఖరీదూ ఎక్కువే, కాబట్టి చోటున్న ఇంటికి నీళ్ల ట్యాంకే నయం. మీ పంపు 60 డిగ్రీలు దాటించగలదో లేదో మాత్రం ముందే చూడాలి. లేకపోతే లవణం సరిగా కరగదు.