బోరు నీళ్లలో ఉప్పు ఎంత? దిగుబడి పోయేది ఎంత?

పెద్దమండ్యం: మదనపల్లె వైపు టమాటా, వేరుశనగ వేసే రైతుకు బోరే ఆధారం. వానలు తగ్గి బోరు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. పంట తగ్గితే విత్తనాన్నో మందునో తప్పుపడతాం గానీ నీళ్లను అనుమానించేది తక్కువ.

ఉప్పు చేసే పని ఇదీ. నీళ్లను మొక్క తాగుతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది. ఉప్పు మాత్రం వేర్ల దగ్గరే మిగిలిపోతుంది. అది పెరిగితే వేరు నీళ్లు లాగలేదు. నేల తడిగా ఉన్నా మొక్క వాడిపోతుంది, ఆకు అంచులు మాడతాయి, కాయ సైజు తగ్గుతుంది.

ఉప్పును ఈసీ అనే కొలతలో చెబుతారు. ఒక యూనిట్ అంటే లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు. ఈసీ 3 ఉన్న నీళ్లు ఎకరాకు ఒక్క అంగుళం మందాన పారిస్తే, దాదాపు లక్ష లీటర్లతో పాటు రెండు క్వింటాళ్ల ఉప్పు చేలోకి చేరినట్టే.

ఏ పంట ఎంత తట్టుకుంటుందో 1977లో మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు పట్టికగా ఇచ్చారు. ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. మామూలుగా నేల ఈసీ, నీటి ఈసీకి ఒకటిన్నర రెట్లు ఉంటుందని అంచనా. నేల ఈసీ 2.5 దాటితే టమాటాలో ప్రతి యూనిట్‌కు సుమారు 10 శాతం దిగుబడి పోతుంది. వేరుశనగ 3.2 దాకా ఓర్చుకుంటుంది, దాటితే మాత్రం యూనిట్‌కు 29 శాతం పడిపోతుంది. బీన్స్‌కు 1 దాటితేనే కష్టం.

నీటి ఈసీ 3 అనుకుందాం. నేలలో అది 4.5 అవుతుంది. టమాటా 20 శాతం, వేరుశనగ 38 శాతం తగ్గుతాయి.

ఇక డబ్బు లెక్క. వెయ్యి బాక్సులు రావాల్సిన చేలో ఖర్చు 700 బాక్సుల ధరతో సమానం అనుకుంటే మిగిలేది 300. దిగుబడి 800కి దిగినా నారు, కట్టెలు, మందుల ఖర్చు పెద్దగా తగ్గదు. మిగిలేది 100 బాక్సులే. అంటే పంట ఐదో వంతు పోతే, లాభం మూడింట రెండు వంతులు పోయింది.

అందుకే పంట వేయకముందే నీళ్లు పరీక్ష చేయించాలి. మోటారు అరగంట ఆడించి, అదే నీటితో కడిగిన శుభ్రమైన సీసాలో ఒక లీటరు పట్టాలి. పేరు, సర్వే నంబరు, బోరు లోతు రాసి ఇవ్వాలి. పరీక్ష ఎక్కడ చేస్తారో మండల వ్యవసాయాధికారిని గానీ, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడగవచ్చు. ఈసీతో పాటు సోడియం, బైకార్బనేట్ కూడా చూడమనాలి. అవి ఎక్కువైతే నేల గట్టిపడి నీళ్లు ఇంకవు. దానికి జిప్సం పనిచేస్తుంది. మామూలు ఉప్పుకు మాత్రం జిప్సం మందు కాదు. దాన్ని మంచి నీళ్లతోనో వాన నీటితోనో వేర్ల కిందికి కడిగేయాల్సిందే.

డ్రిప్ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. డ్రిప్ ఉప్పును తడి అంచుకు నెడుతుంది. చిన్న వాన పడితే అది మళ్లీ వేర్ల మీదికే వస్తుంది. కాబట్టి జల్లు పడిందని డ్రిప్ ఆపకూడదు. పెద్ద వానకు మాత్రం గట్లు వేసి నీటిని చేలోనే ఇంకనివ్వాలి. ఉప్పును కడిగే పని వానంత చౌకగా చేసేది వేరే లేదు.