స్లాబ్ పగలకూడదంటే నీళ్ల లెక్క తెలుసుకోండి

వడమాలపేట మండలంలో పీఎంఏవై కింద ఇల్లు కట్టుకుంటున్న లబ్ధిదారులకు సూచనలు

స్లాబ్ ఎందుకు పగులుతుంది?
కాంక్రీటు ఆరేకొద్దీ కొంచెం కుంచించుకుపోతుంది. గోడలు, బీములు దాన్ని కదలనివ్వవు. దాంతో పగులుతుంది. సిమెంటు గట్టిపడటానికి దాని బరువులో సుమారు నాలుగో వంతు నీళ్లు చాలు. మిగతావి కలపడానికి వీలుగా పోసేవే. అవి ఎంత ఎక్కువైతే కాంక్రీటు అంత ఎక్కువ కుంచించుకుంటుంది.

కలిపేటప్పుడు
* 50 కిలోల మూటకు నీళ్లు 27 లీటర్లు దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి.
* పని తొందరగా అవుతుందని పైపుతో పోస్తుంటే ఒప్పుకోకండి. బకెట్‌తో కొలిచి పోయమని మేస్త్రీకి ముందే చెప్పండి.
* కంకర కుంచించుకోదు. దాని పాలు తగ్గించొద్దు.

వేసిన రోజు
ఎండాకాలమైతే తెల్లవారుజామునే మొదలుపెట్టండి. పైభాగం చదును చేశాక ఎండ, గాలి తగలకుండా ప్లాస్టిక్ పట్ట కప్పండి.

మరుసటి రోజు నుంచి
గట్లు కట్టి నీళ్లు నిలపండి. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ సిమెంటైనా, ఎండ ఎక్కువైనా కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మన ఎండలకు 14 రోజులు పెట్టుకోండి.

పగులు కనిపిస్తే
వాననీళ్లు దిగితే కమ్మీలు తుప్పుపడతాయి. సిమెంటు పాలు పూసి కప్పేయకుండా సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు చూపించండి.

గుర్తుంచుకోండి: కలిపేటప్పుడు నీళ్లు కొలిచి పోయాలి. వేశాక మాత్రం ధారాళంగా పట్టాలి.